చదరపు గుడ్డ, కర్ణపు కోత
(అతుకుల బొంతలోని లెక్క చరిత్ర)

పాతబడిన చీరను పారవేయుట తెలుగు ఇల్లాలి స్వభావము కాదు. చిరిగినంత మేర తీసివేసి, మిగిలిన గట్టి భాగమును మడతలుగా పరచి, మీద రంగురంగుల ముక్కలు అమర్చి, అంచునుండి నడిమికి వరుసగా దారపు కుట్లు వేసి ఆమె బొంత కుట్టును. ఆ బొంత పసిబిడ్డకు పక్క యగును. చలికాలమున ముసలివారికి కప్పుడు గుడ్డ యగును. చుట్టములు వచ్చిన నాడు అరుగుమీద పరుపు యగును. ఇది ఇంటింట జరుగు సామాన్యమైన పని. దీనికొక చరిత్ర కలదనిగాని, ఆ చరిత్రలో ఒక గణిత సమస్య దాగియున్నదనిగాని ఎవరును తలంపరు. అయినను రెండును కలవు.

సమస్య ఇట్టిది. ఒక చదరపు గుడ్డను మూలనుండి ఎదుటి మూలకు కత్తిరించినచో రెండు ముక్కోణములు వచ్చును. ఎర్రని ముక్కోణము నొకదానిని, తెల్లని ముక్కోణము నొకదానిని ఏటవాలు అంచుల వెంబడి కలిపి కుట్టినచో మరల చదరమే యేర్పడును. అయితే ఇప్పుడది సగము ఎరుపు, సగము తెలుపు. ఇట్టి చదరములను త్రిప్పి త్రిప్పి అమర్చుటచేత నక్షత్రములు, గాలిచక్రములు, రంపపు పళ్ళు, అలలు మున్నగు లెక్కలేనన్ని చిత్రములు పుట్టును. ఇంతవరకు ఇబ్బంది లేదు. కాని కుట్టిన పిదప చదరము సరిగా మూడంగుళములు ఉండవలెనన్నచో, కత్తిరించునపుడు గుడ్డ ఎన్ని అంగుళములు ఉండవలెను? మూడున్నర అని తోచును. మూడున్నర చాలదు. కావలసినది మూడంగుళముల మీద ఎనిమిదింట ఏడు పాళ్ళు, అనగా 3 7/8 అంగుళములు. ఈ ఏడు పాళ్ళు ఎక్కడనుండి వచ్చినవి? అవి పుస్తకములకెక్కుటకు అంతకాలమేల పట్టినది? ఈ వ్యాసమునకు విషయమదియే.

అతుకుల వస్త్రపు ప్రాచీనత

ముక్కలు కలిపి వస్త్రము చేయుట మన దేశమున మిక్కిలి పాతది. బౌద్ధుల వినయ పిటకములో ఒక వృత్తాంతము కలదు. బుద్ధుడు దక్షిణగిరికి పోవుచు మగధదేశపు పొలములను చూచెను. గట్లు, అడ్డగట్లు, మళ్ళు తీర్చిదిద్దినట్లుండెను. భిక్షువుల చీవరములను ఆ పొలముల తీరున కుట్టవచ్చునా యని ఆయన ఆనందుని అడిగెను. ఆనందుడు అట్లే కుట్టి చూపెను. కోసి కుట్టిన గుడ్డను దొంగలు ఆశింపరు. సన్యాసికి అదియే తగినది. ఆ నాటినుండి భిక్షువుల వస్త్రము అతుకుల వస్త్రమే యైనది. మధ్య ఆసియా మార్గమున దున్‌హువాంగ్ గుహలలో 1907 లో ఆరెల్ స్టైను దొరకించుకొన్న వస్తువులలో పట్టుముక్కలు అతికిన వస్త్రములును ఉన్నవి. అవి వేయేండ్లకు పైబడినవి.

భిక్షువు చీవరములోని ముక్కలన్నియు వరిమళ్ళవలె నిలువు అడ్డము కోతలే. నిలువు అడ్డము కోతలలో లెక్క సులభము. కుట్టుకు ఒక్కొక్క వైపు పావు అంగుళము పోవుననుకొన్నచో, రెండు వైపులకు కలిపి అర అంగుళము చేర్చిన చాలును. చిక్కు అంతయు ఏటవాలు కోతతోనే ఆరంభమగును. ఆ కోతతో కూడిన అతుకుపని ఎట్లు పెరిగినదో తెలియుటకు పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండునకు పోవలెను. విచిత్రమేమనగా, ఆ దారి మన కోస్తా రేవుల మీదుగానే పోవును.

చీటిగుడ్డ చేసిన మార్పు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611 లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వారికంటె ముందే డచ్చివారు అక్కడ ఉండిరి. వీరందరిని ఆకర్షించినవానిలో ముఖ్యమైనది కోరమాండలు తీరపు చీటిగుడ్డ. చేతితో వ్రాసియు, అచ్చులతో అద్దియు చేసిన ఈ నూలుబట్టలకు రంగు ఉతికినను పోదు. ఉన్నియు నారబట్టయు కట్టుకొను ఇంగ్లండు ప్రజలకు ఇది వింతయై, మోజుగా మారెను. అక్కడి ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ బ్రతుకు పోవుచున్నదని గగ్గోలు పెట్టిరి. 1701 నుండి తూర్పుదేశపు అద్దకపు బట్టల దిగుమతిని చట్టము నిషేధించెను. 1721 నాటి చట్టము నూలు అద్దకపు బట్టలను కట్టుటను సైతము నిషేధించెను. ఆ నిషేధము 1774 వరకు సాగెను.

దొరకని వస్తువునకు విలువ హెచ్చును. చిరిగిన చీటిగుడ్డలోని చేతివెడల్పు ముక్క సైతము పెట్టెలో దాచదగినదయ్యెను. వాయవ్య ఇంగ్లండులోని లెవెన్స్ హాలు అను భవనమున, సుమారు 1708 నాటి అతుకుల పడకదుప్పటియు తెరలును నేటికిని కలవు. అవి భారతదేశపు చీటిముక్కలతో కుట్టినవి. ఇంగ్లండులో నిలిచియున్న అతుకుల వస్త్రములలో ఇవి మిక్కిలి పాతవిగా ఎన్నబడుచున్నవి. ఆ ముక్కలు ఏ ఊరి అద్దకమో తేల్చుట కష్టము. అయినను వానికి రంగు దిద్దిన చేతులు ఈ దేశపు చేతులే.

తేదీ కుట్టబడియున్న అతుకుల దుప్పటి మరియొకటి కలదు. దానిపై 1718 అను సంవత్సరము కనబడును. అది పట్టుముక్కలది. అందు చదరములును, చదరములను కర్ణము వెంబడి సగము చేసిన ముక్కోణములును విరివిగా కలవు. అనగా మన సమస్య అప్పటికే పుట్టినది. అయితే ఆ కుట్టరులు లెక్క వేయవలసిన పని పడలేదు. కుట్టిన పిదప ఎంత ముక్క కావలెనో అంతటి కాగితమును కత్తిరించి, దానిమీద గుడ్డ నుంచి, అంచులను వెనుకకు మడచి, కాగితమునకు పట్టుకుట్లు వేసి, ఆ పిదప ముక్కకు ముక్కను అంచున కలిపి కుట్టిరి. మడతకు ఎంత గుడ్డ విడిచినను ఫరవాలేదు. కొలత నిలుపునది కాగితము. ఆ దుప్పటిలో కాగితములు నేటికిని లోపలనే యున్నవి. కాగితము గణితమును తనలో దాచుకొన్నదన్నమాట.

అమెరికాలో అతుకుపని

ఇంగ్లండునుండి వలసపోయినవారితో ఈ పని అమెరికా చేరెను. అక్కడ పందొమ్మిదవ శతాబ్దమున దానికి క్రొత్త రూపు వచ్చినది. దుప్పటినంతటిని ఒక్కమారు తలపెట్టక, అడుగు వెడల్పు దిమ్మలుగా కుట్టి, దిమ్మలను పిదప కలుపుట వాడుకయయ్యెను. ఒడిలో పట్టు పని గనుక, పొయ్యి ప్రక్కను, బిడ్డ ఉయ్యాల ప్రక్కను కూర్చుండి చేయవచ్చును. చదరపు సగములతో అమర్చిన నమూనాలకు వారు పెట్టుకొన్న పేర్లు వినదగినవి: రంపపు పళ్ళు, పగిలిన పళ్ళెములు, సముద్రపు అలలు, గాలిలోని పక్షులు. ముగ్గులకు మన స్త్రీలు పేర్లు పెట్టుకొన్నట్లే వారును కంటికి కనబడు వస్తువుల పేర్లే పెట్టిరి.

వారు కాగితమునకు బదులు అట్టతోనో, రేకుతోనో ఒక అచ్చుముక్క చేసికొనిరి. గుడ్డ వెనుకవైపున దానిని ఉంచి చుట్టును సీసపు కడ్డీతో గీత గీయుదురు. ఆ గీత కుట్టు పడవలసిన చోటు. గీతకు వెలుపల కంటి అంచనాతో కొంత విడిచి కత్తెర వేయుదురు. సూది గీతను అనుసరించును. వెలుపలి అంచు ఎంతయున్నను దుప్పటి కొలత చెడదు. ఇక్కడను లెక్క వేయవలసిన పని లేదు. అచ్చుముక్కయే లెక్క.

ఈ నమూనాలు చాలకాలము తల్లినుండి కూతురునకు, పొరుగింటినుండి పొరుగింటికి ప్రాకినవి. 1889 ప్రాంతమున సెయింట్ లూయీ నగరమున లేడీస్ ఆర్టు కంపెనీ అను సంస్థ నమూనాల పట్టికలను అచ్చువేసి తపాలాలో అమ్మసాగెను. 1915 లో మేరీ వెబ్‌స్టరు అను నామె అమెరికా బొంతల చరిత్రమీద తొలి గ్రంథమును ప్రకటించెను. కాన్సాస్ సిటీ స్టారు అను పత్రిక 1928 నుండి 1961 వరకు పాఠకురాండ్రకు నమూనాలను అచ్చొత్తి అందించెను. ఊరి పెట్టెలలో ఉన్నది పుటలకెక్కినది. పుటలకెక్కినది మరల ఊరూరికి చేరినది. నమూనాను మొదట కనుగొన్న స్త్రీ పేరు మాత్రము పెక్కుచోట్ల పోయినది.

ఈలోపల కుట్టుమిషను వచ్చెను. 1846 లో ఎలయాస్ హోవును, 1851 లో ఐజాక్ సింగరును అమెరికాలో హక్కుపత్రములు పొందిరి. మిషను కుట్టు వేగమైనది. కాని మిషను సూది క్రింద పెన్సిలు గీతను చూచుచు నడచుట కష్టము. గుడ్డ అంచును పాదమునకు ఆనించి, అంచునుండి ఒకే దూరమున నడపుట సులభము. ఈ చిన్న భేదమును గమనింపవలెను. చేతికుట్టునకు ఆధారము లోపలి గీత. మిషనుకుట్టునకు ఆధారము వెలుపలి అంచు. ఆధారము అంచైనపుడు అంచు ఎక్కడ ఉండవలెనో ముందుగా తెలియవలెను.

అయినను మార్పు వెంటనే రాలేదు. 1971 లో న్యూయార్కు నగరములోని విట్నీ చిత్రకళాశాల పాత బొంతలను గోడలకు తగిలించి చిత్రపటములవలె ప్రదర్శించెను. 1976 అమెరికా స్వాతంత్ర్యమునకు 200 వ వత్సరము. ఆ ఉత్సాహమున అమ్మమ్మల నాటి పని మరల ఇండ్లలోనికి వచ్చెను. ఆ యేటనే బార్బరా జొహానా అను నామె తన పుస్తకమున ఒక త్వరితపద్ధతిని ప్రచారము చేసెను: రెండు రంగుల గుడ్డలను ముఖాముఖిగా పరచి, మీద గళ్ళు గీసి, గళ్ళకు కర్ణములు గీసి, కర్ణపు గీతకు రెండు ప్రక్కల పావు అంగుళపు ఎడమున కుట్టి, ఆ పిదపనే కత్తిరించుట. 1979 లో జపానుదేశపు ఓల్ఫా కంపెనీ బండిచక్రమువలె దొర్లు కత్తిని బజారునకు తెచ్చెను. దానిని రోటరీ కట్టరు అందురు. పలకమీద గుడ్డను పొరలుగా పరచి, కొలబద్ద ఆనించి, ఒక్క ఈడ్పున అయిదారు పొరలు కోయవచ్చును. అచ్చుముక్క మూలబడెను. దానితోపాటు అది ఇంతకాలము మోసిన లెక్కయు బయటపడెను. కొలబద్ద పట్టిన స్త్రీకి అచ్చుముక్క కాదు, అంకె కావలెను.

ఏడు పాళ్ళ రహస్యము

ఆ అంకె పుట్టు విధమును కాగితముమీద గీచి చూడవచ్చును. మూడంగుళముల చదరమును గీచి, మూలనుండి మూలకు గీత వేయవలెను. అందొక ముక్కోణమును తీసికొని, దాని మూడు వైపులను, పావు అంగుళము వెలుపల, మరి మూడు గీతలు గీయవలెను. ఇది కుట్టుకు విడుచు అంచు. ఇప్పుడు వెలుపలి ముక్కోణపు అడుగు భుజమును కొలువవలెను.

నిటారు మూల వద్ద భుజము పావు అంగుళము పెరిగినది. ఇది స్పష్టము. వాడియైన మూల వద్ద మాత్రము పెరుగుదల రెండు విధములు. ఏటవాలు గీత పావు అంగుళము వెలుపలికి జరిగినది. అయితే అది ఏటవాలుగా ఉన్నందున, అడుగు భుజము వెంబడి చూచిన ఆ జరుగుట పావు అంగుళము కాదు. పావు అంగుళపు చదరమునకు కర్ణము ఎంతయో అంత. మరియు అడుగు గీత తాను పావు అంగుళము క్రిందికి దిగినందున, వాడిమూల ఇంకొక పావు అంగుళము ముందునకు సాగినది. మొత్తము పెరుగుదల రెండు పావులు, వానిమీద పావు అంగుళపు చదరపు కర్ణము.

చదరపు కర్ణము భుజమునకు ఎన్ని రెట్లు? ఒకటి దశాంశము నాలుగు ఒకటి నాలుగు రెట్లు, అనగా ఇంచుమించు 1.414. పావు అంగుళమునకు అది 0.3536 అంగుళము. అర అంగుళము చేర్చగా 0.8536 అంగుళము. దర్జీ టేపుమీద ఎనిమిది పాళ్ళు గుర్తించిన అంగుళములో ఇది ఆరు పాళ్ళు దాటి ఏడవ పాలుకు చేరువగా నిలుచును. ఏడు పాళ్ళు 0.875. ఏడు పాళ్ళ రహస్యమింతే: అది కర్ణమును టేపు అంగీకరించునంతకు సవరించిన రూపము.

ద్వికరణి

ఈ కర్ణము మన పూర్వులకు బాగుగా తెలిసినదే. యజ్ఞవేదికలను కట్టుటకై ఏర్పడిన శుల్బసూత్రములు క్రీస్తునకు పూర్వము కొన్ని శతాబ్దముల నాటివి. శుల్బమనగా త్రాడు. చదరపు కర్ణముమీద త్రాడు చాచి దానిని భుజముగా గైకొని చదరము కట్టినచో, మొదటిదానికి రెట్టింపు వైశాల్యము వచ్చునని బౌధాయనుడును ఆపస్తంబుడును చెప్పిరి. ఆ కర్ణమునకు వారు ద్వికరణి యని పేరిడిరి. దాని కొలతకు వారు చెప్పిన ఉపాయమిది: భుజమునకు దాని మూడవ పాలు చేర్చవలెను, ఆ మూడవ పాలులో నాలుగవ పాలును చేర్చవలెను, ఈ కడపటిదానిలో ముప్పది నాలుగవ పాలును తీసివేయవలెను. లెక్కించినచో 577 ను 408 తో భాగించిన ఫలము, అనగా 1.4142157 వచ్చును. నిజమైన విలువ 1.4142136. తేడా దశాంశమున ఆరవ స్థానమున గాని కనబడదు.

ఆపస్తంబ శాఖ ఆంధ్రదేశమున ప్రబలినదని జార్జి బ్యూలరు 1879 లో వెలువడిన తన గ్రంథమున అభిప్రాయపడెను. నేటికిని తెలుగునాట అనేక కుటుంబములవారు ప్రవర చెప్పుకొనునపుడు తమది ఆపస్తంబ సూత్రమనియే చెప్పుదురు. ఆ సూత్రకారుని గ్రంథములో ఇటుకలు పేర్చుటకు పనికివచ్చిన లెక్కయు, బొంతలో గుడ్డముక్కలు పేర్చుటకు పనికివచ్చు లెక్కయు ఒక్కటే. అమెరికా కుట్టరులు దానిని ఇక్కడనుండి నేర్చిరని కాదు. వేదిక కట్టినవాడును బొంత కుట్టినదియు ఒకే అవసరమునకు లోబడిరి: మూలలు కలియవలెను. మూలలు కలియవలెనన్నచో కర్ణమును తప్పించుకొన వీలులేదు.

పద్ధతులు, వాని కొలతలు

ప్రస్తుతము కుట్టరులు వాడు పద్ధతులు ముఖ్యముగా మూడు. కావలసిన చదరము మూడంగుళములనియు, కుట్టునకు పావు అంగుళమనియు అనుకొని మూడింటిని చూడవచ్చును.

మొదటిది జంట పద్ధతి. రెండు రంగులలో 3 7/8 అంగుళముల చదరము ఒక్కొక్కటి కోసి, ముఖాముఖిగా ఉంచి, కర్ణము గీచి, గీతకు రెండు ప్రక్కల పావు అంగుళపు ఎడమున కుట్టి, గీతమీద కోయవలెను. రెండు చదరములు వచ్చును. చేయి తిరుగనివారు ఏడు పాళ్ళకు బదులు ఒక అంగుళము చేర్చి, కుట్టిన పిదప అంచులు సవరించుకొందురు. గుడ్డ కొంచెము పోవును, కొలత నిలుచును.

రెండవది ఎనిమిదింటి పద్ధతి. కావలసిన కొలతను రెట్టించి ఒకటి ముప్పాతిక అంగుళము చేర్చవలెను. మూడంగుళములకు 7 3/4 అంగుళముల చదరములు రెండు. రెండు కర్ణములను గీచి, ప్రతి గీతకు రెండు ప్రక్కల కుట్టి, నిలువునను అడ్డమునను నడిమికి కోసి, ఆ పిదప కర్ణముల వెంబడి కోసినచో ఎనిమిది చదరములు ఒక్కమారు వచ్చును. ఒకటి ముప్పాతిక అనగా ఏడు పాళ్ళు రెండు మారులు. క్రొత్త లెక్క ఏమియు లేదు.

మూడవది నాలుగింటి పద్ధతి. రెండు చదరములను ముఖాముఖిగా ఉంచి నాలుగు అంచులను చుట్టును కుట్టివేసి, రెండు కర్ణముల వెంబడి కోయుదురు. ఇందు లెక్క వేరు. కుట్టవలసిన మూడంగుళములకు అర అంగుళము చేర్చి మూడున్నర, దానిని 1.414 తో హెచ్చించి 4.95, మరల అర అంగుళము చేర్చి 5.45. అనగా ఇంచుమించు అయిదున్నర అంగుళముల చదరము కావలెను. ఈ పద్ధతి చూచుటకు సులభము. కాని దీనిలో ఒక దోషము కలదు. దానిని తెలియుటకు నేతను తలచుకొనవలెను.

గుడ్డలో పడుగు నిలువుగను, పేక అడ్డముగను నడచును. పడుగు వెంట లాగిన గుడ్డ సాగదు. పేక వెంట లాగిన కొద్దిగా సాగును. ఏటవాలుగా లాగినచో బాగుగా సాగును, ఏలయన అచ్చట నూలుపోగు అడ్డుపడుటకు బదులు గడులు వాలిపోవును. మూడవ పద్ధతిలో వచ్చు చదరమునకు నాలుగు అంచులును ఏటవాలు అంచులే. పట్టుకొన్నంతనే సాగి వంకరపోవును. మొదటి రెండు పద్ధతులలో ఏటవాలు కోత చదరము నడుమ, కుట్టులో భద్రముగా ఉండును. కుట్టిన పిదపనే కోయుటలోని మేలు ఇదియే: సాగుటకు ముందే దారము దానిని పట్టి ఉంచును.

తప్పిన లెక్కకు మూల్యము

ఇంత సూక్ష్మము అవసరమా యని కొందరు అడుగవచ్చును. ఒక పడక దుప్పటిని తీసికొందము. వెడల్పు 60 అంగుళములు, పొడవు 72 అంగుళములు. మూడంగుళముల చదరములు వెడల్పున 20, పొడవున 24, మొత్తము 480. జంట పద్ధతిలో ఒక్కొక్క రంగున 240 చదరములు కోయవలెను. 42 అంగుళముల పన్నా గల గుడ్డలో వరుసకు పది చదరములు పట్టును. 24 వరుసలకు 93 అంగుళములు, అనగా ఒక్కొక్క రంగునకు రెండున్నర గజములకు కొంచెము పైగా గుడ్డ కావలెను.

ఇప్పుడు ఏడు పాళ్ళు తెలియక అర అంగుళమే చేర్చి, 3 1/2 అంగుళముల ముక్కలు కోసినారనుకొందము. కుట్టిన పిదప ప్రతి చదరమును 2.65 అంగుళములకు దిగును. ఒక్క చదరమున తేడా అంగుళములో మూడవ పాలు మాత్రమే. చేతిలో పట్టి చూచిన తెలియనే తెలియదు. ఇరువది చదరములు కలిపినపుడు 60 అంగుళముల వెడల్పు 53 కు దిగును. ప్రక్కన తిన్నని చదరములతో కలిపి కుట్టబోయిన ఒక్క మూలయు కలియదు. నెలల శ్రమయు, గుడ్డయు వ్యర్థమగును. మరి ఏడు పాళ్ళు చేర్చుటలో ఉన్న స్వల్పాధిక్యము ఇరువది చదరములకును కలిపి అర అంగుళమునకు లోపలనే ఉండును. అది సవరణలో పోవును.

కారణము తెలియక అంకెను మాత్రము కంఠస్థము చేసినవారికి ఇంకొక చిక్కు కలదు. ఏడు పాళ్ళు పావు అంగుళపు కుట్టునకు మాత్రమే సరి. నేత పలుచనై, పోగులు ఊడు పాతచీరల ముక్కలకు పావు అంగుళము చాలదు. అర అంగుళము విడుచుట మేలు. అట్టివారు ఏడు పాళ్ళే చేర్చినచో బొంత కురచ యగును. కారణము తెలిసినవారికి సూత్రమొక్కటే: కుట్టునకు విడుచు అంచును రెట్టించి, ఆ అంచు కొలతగల చదరపు కర్ణమును చేర్చవలెను. అర అంగుళమునకు అది 1.707 అంగుళములు, ఒకటి ముప్పాతిక అనుకొనవచ్చును. సెంటీమీటర్లలో ముప్పాతిక సెంటీమీటరు విడుచువారికి 2.56 సెంటీమీటర్లు. అంకె మారును, సూత్రము మారదు.

కొలబద్ద లేని నేర్పు

ఇంతమాత్రమున కొలత తెలియనివారు బొంత కుట్టలేరని తలచుట పొరపాటు. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను నదీతీరపు పల్లె కలదు. అక్కడివారు బానిసలుగా ప్రత్తిచేలలో పనిచేసిన నీగ్రో కుటుంబముల సంతతివారు. అక్కడి స్త్రీలు చిరిగిన పనిబట్టలనే కత్తిరించి, కొలబద్ద పట్టక, కంటినే నమ్మి బొంతలు కుట్టిరి. చలినుండి పిల్లలను కాపాడుట వారి ఉద్దేశము. 1966 లో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘముగా ఏర్పడిరి. 2002 లో హూస్టను నగరమున ఆ బొంతల ప్రదర్శనము జరిగెను. 2006 లో వాని చిత్రములతో అమెరికా ప్రభుత్వము తపాలా బిళ్ళలు వేసెను. వంకరపోయినట్లు కనబడు ఆ గీతలలోనే వాని అందము కలదు.

మన బంజారా స్త్రీలు లంగాలకును, ఓణీలకును, సంచులకును అంచున అతుకు ముక్కోణములను వరుసగా కుట్టి అద్దములు పొదుగుదురు. వారిలో పెక్కండ్రు ఏ పాఠశాలలోను రేఖాగణితము చదువలేదు. గుడ్డను మడచి, మడతమీద గోరు నడపి, గుర్తు పడినచోట కోయుదురు. చదరమును మూలకు మూల మడచుట కర్ణమును గీయుటయే. గోటిగీత కొలబద్దకు తక్కువది కాదు.

కావున ఈ చరిత్రలో రెండు విద్యలు కలవు. ఒకటి చేతిలో ఉన్నది. దానికి అంకె లేదు, పేరు లేదు, అది చేయి పోయిన నాడు పోవును. రెండవది పుటమీద ఉన్నది. అంకెతో, కారణముతో నిలిచియుండును గాని, చేతికి దిగనంతవరకు గుడ్డముక్కనైన కలుపజాలదు. కాగితపు అచ్చులో దాగిన లెక్కను తరువాతివారు బయటికి తీసి వ్రాసిరి. అందుచేతనే నేడు ఎక్కడో కూర్చున్న స్త్రీ, తనకు నేర్పువారు లేకున్నను, చదివి కుట్టగలుగుచున్నది. శుల్బసూత్రము నిలిచినదియు ఇందుచేతనే. త్రాడు పట్టినవాని నేర్పు అతనితో పోకుండ సూత్రమున చేరెను.

తెలుగుపల్లెల బొంతలకు ఇంకను ఇట్టి పుట యేర్పడవలసియున్నది. ఏ చీరను ఎన్ని మడతలు వేయుదురు, కుట్ల వరుసకు వరుసకు ఎంత ఎడము విడుతురు, అంచున ముక్కోణములను ఎట్లు అమర్చుదురు అను విషయములు పెద్దవారి వ్రేళ్ళలో ఉన్నవి. ఎదుట కూర్చుండి అడిగినచో చెప్పుదురు. చెప్పినది వ్రాసినచో నిలుచును. ఒక ముసలమ్మ పాతచీరను మూలకు మూల మడచునపుడు ఆమె వ్రేళ్ళ క్రింద ద్వికరణియే కదలుచున్నది. ఆమెకు ఆ పేరు తెలియదు. ఆమె మనుమరాలికి రెండును తెలియవచ్చును.